ఇంటి అడ్వాన్సు – ఒక సంతకం



నేను 33 ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. రశీదు లేనిదే ఎవరి దగ్గరా పైసా కట్టించుకోలేదు. అటువంటివాణ్ణి 2016లో అద్దె ఇంటికి 30,000 రూపాయలు అడ్వాన్సు ఇచ్చి, మొహమాటానికి పోయి రశీదు అడగలేదు. 2019లో ఖాళీ చేస్తే, సున్నాలకూ రంగులకూ సరిపోయిందన్నారు ఇంటి యజమాని. నాలుగు నెలలు తిరిగాను. "రేపు రండి" అనే మాట ఆఫీసులో నేనూ ఎందరితోనో అన్నాను. దాని బరువు అప్పుడు తెలిసింది.

నన్ను కాపాడింది మా ఆవిడ. పాల లెక్కల పుస్తకంలోనే అడ్వాన్సు రాసి, ఆనాడే ఆయన చేత సంతకం చేయించిందట! దాని నకలు జతచేసి, 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాను. జవాబు లేదు. కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇచ్చాను. కేసు వేయకముందే, కోర్టు ఫీజు లేకుండా, లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టారు. విరిగిన కిటికీ రెక్కకు 2,000 నేను ఒప్పుకున్నాను. మిగిలిన 28,000 చేతికొచ్చాయి. అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు.

మిత్రులారా, అడ్వాన్సు చెక్కుగానో బ్యాంకు ద్వారానో ఇవ్వండి. తాళాలు అప్పగించినట్టు రాయించుకోండి. ఇటువంటి బాకీకి దావా గడువు మూడేళ్లే. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసింది గనుక నోటీసు అందులో పంపండి.

మొహమాటం మంచిదే, సంతకం అయ్యాక. సెలవు.