కత్తి ఎవరి చేతిలో ఉంది?



పోయిన ఆదివారం అచ్చంపేటలో మా ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. కత్తుల్లేవు, తుపాకుల్లేవు, నోళ్ళే ఆయుధాలు. ఫైటింగు సినిమాలకు బంగారుకాలం ఏది అన్నదే తగవు.

మా అత్తమ్మ 1960ల పక్షం. "కాంతారావు కత్తి తిప్పుతుంటే రెప్ప కొట్టబుద్ధి కాకపోయేది. మన నల్లగొండ బిడ్డ!" అంటుంది. నిజమే. ఆయనది కోదాడ దగ్గరి గుడిబండ, ఇప్పుడది సూర్యాపేట జిల్లా. జనం కత్తి కాంతారావు అనే పిలుచుకున్నారు. విఠలాచార్యగారు 1963లో 'బందిపోటు' తీశారు. 1967లో రామారావుగారిని, కాంతారావుగారిని కలిపి 'చిక్కడు దొరకడు' తీశారు. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో, తక్కువ ఖర్చుతో, కెమెరా కిటుకులతోనే ప్రేక్షకుల్ని కుర్చీలకు కట్టిపడేశారు.

మావారు ఒప్పుకుంటేనా! 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు'తో కృష్ణ మనకు కౌబాయ్‌ని చూపించారు, 1983లో 'ఖైదీ'తో చిరంజీవి అందరినీ ఊపేశారు, కాబట్టి 1980లే బంగారమన్నారు.

పప్పుకు పోపు పెడుతూ అంతా విన్నాను. చివరికి ఒక్క మాట అడిగాను: "ఆ సినిమాల్లో ఆడమనిషి ఏం చేసేది?"

చాలావాటిలో రాకుమారి చెరలో కూర్చుని, వీరుడు కోటగోడ దూకేదాకా ఎదురుచూసేది. అందుకు భిన్నంగా 1970లోనే 'రౌడీ రాణి'లో విజయలలిత తానే పోరాడింది. ఆమెకు దగ్గరి బంధువైన విజయశాంతి 1990లో 'కర్తవ్యం'లో పోలీసు అధికారిణిగా నటించి, జాతీయ ఉత్తమనటి అవార్డు అందుకుంది.

ఆ సినిమా చూసొచ్చి మా నాయనతో "నేనూ పోలీసునవుతా" అన్నాను. ఆయన నవ్వారు. పదో తరగతి పాసు కాగానే పెళ్ళి చేశారు. ఎవరినీ తప్పు పట్టను గానీ, ఆ నవ్వు మాత్రం నేటికీ మరిచిపోలేదు.

ఇప్పుడు మా అమ్మాయి కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతోంది. తెల్లవారుజామునే పరుగు సాధన. "ఆడపిల్లకు ఉరుకుడెందుకు?" అని అత్తమ్మ రోజూ సణుగుడు. మావారు అటూ చెప్పరు, ఇటూ చెప్పరు.

ఆ పూట అత్తమ్మనే అడిగాను. "కాంతారావు చేతిలో కత్తి అంత ముద్దొచ్చిందే! నీ మనుమరాలి చేతిలో లాఠీ ఎందుకు చేదయింది?"

ఆమె జవాబివ్వలేదు. మర్నాడు చీకటితోనే పిల్ల బూట్లు వెతుక్కుంటుంటే, మంచం మీది నుంచే గొంతు వినిపించింది: "గడప పక్కకు పెట్టిన, చూడు."

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! కత్తియుద్ధాల సొగసు 1960లదే. అందులో అత్తమ్మదే గెలుపు. కానీ నాకు బంగారుకాలం 1990. తెర మీది ధైర్యం నాదీ కావచ్చని నాకు తోచిన సంవత్సరం అది. మీ ఇంట్లోనూ ఈ తగవు ఒకసారి పెట్టి చూడండి. మీ పిల్ల ఏ సినిమా పేరు చెబుతుందో, ఎందుకు చెబుతుందో శ్రద్ధగా వినండి. నవ్వి ఊరుకోకండి.

సెలవు.