బెంచీ మీద చెప్పి, గదిలో చెప్పని మాటలు



మెడికల్ కాలేజీ స్నాతకోత్సవానికి మామూలుగా వైస్‌చాన్సలర్లనో పేరున్న సర్జన్లనో పిలుస్తారు. ఈసారి మీ ప్రిన్సిపాల్ గారు ఒక పేషెంటుని పిలిచారు. డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. వైద్యం గురించి మీకు చెప్పేంత చదువు నాకు లేదు. ఉన్నదల్లా ఇరవై ఏళ్ళు దాటిన రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, ఆ జబ్బు పుణ్యమా అని ఓపీ బెంచీల మీద గడిచిన కాలం. గదిలో మీ ఎదురుగా కూర్చుని మేం చెప్పేవి మీరు ఎలాగూ వింటారు. తలుపు ఇవతల బెంచీ మీద ఏం చెప్పుకుంటామో మీ దాకా రాదు. అందుకని ఆ కబుర్లే మోసుకొచ్చాను.

"ఈయన హస్తవాసి మంచిదేనమ్మా, నోరే మంచిది కాదు" అంటుంది ఒకావిడ. పక్కావిడ తలూపి, "అందుకే నేను అన్నీ చెప్పను" అంటుంది. మొదటి మాట విని మీరు నవ్వుకోవచ్చు. రెండో మాటకి మాత్రం భయపడాలి.

ఒకసారి నా పక్కన కూర్చున్నావిడ అలా ఏం చెప్పదలచుకోలేదో నాకు చూపించింది. చేతిసంచి అడుగున కాగితం పొట్లం, అందులో చిన్న చిన్న తెల్ల మాత్రలు. ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చాడట. "వేసుకున్న పూటే లేచి తిరుగుతానమ్మా, పొలం కూడా వెళ్తాను" అంది సంబరంగా. ముఖం గుండ్రంగా ఉబ్బి ఉంది. నా జబ్బే కాబట్టి అవేమిటో నాకు అర్థమైంది, మీకూ అర్థమయ్యే ఉంటుంది. స్టెరాయిడ్లు. మరి డాక్టరు గారితో చెప్పావా అంటే, "అమ్మో, పోయినసారి ఏదో ఆకు పసరు తాగానంటేనే, అవి తాగేదానివి నా దగ్గరికెందుకొచ్చావు, పో అన్నాడు" అంది. గదిలోకి వెళ్ళింది, పొట్లం సంచిలోనే ఉంది, చీటీ పట్టుకుని బయటికొచ్చింది. చీటీలో కొత్తగా షుగరు మాత్ర చేరింది.

ఆ డాక్టరుకి చదువు తక్కువని నేననను. షుగరు పెరిగింది, మందు రాశాడు. ఎందుకు పెరిగిందో చెప్పగలిగిన మనిషి నోరు ఆయనే పోయినసారి మూయించాడు. రేపు ఆ ఆర్ఎంపీ ఊళ్ళో లేక ఆ మాత్రలు ఉన్నట్టుండి ఆగిపోతే ఆవిడకి ఏమవుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు.

సానుభూతి అనగానే అదేదో మంచితనానికి సంబంధించిన సంగతనీ, ఉంటే ఉంటుంది, లేకపోతే లేదనీ అనుకుంటారు. నేను అడుగుతున్నది మంచితనం కాదు. జ్వరమో, విరిగిన ఎముకో అయితే కసురుకునే డాక్టరు దగ్గర కూడా పని జరిగిపోతుంది. జీవితాంతం ఉండే జబ్బులో అలా కుదరదు. ఏ పూట మందు మానేశామో, ఎందుకు మానేశామో, ఇంకెవరి దగ్గర ఏం తిన్నామో మేం చెబితేనే మీకు తెలుస్తుంది. తిట్లు తిన్న పేషెంటు ఆ నిజం చెప్పదు. ఆ తర్వాత మీరు ఎంత శ్రద్ధగా కేస్ షీట్ రాసినా అది తప్పుల కాగితమే.

నా జబ్బు సంగతే కాస్త వివరంగా చెబుతాను. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. కుళాయి తిప్పలేను. మిక్సీ మూత బిగించలేను. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి కోడల్ని పిలవాలి, ఆ పిల్ల ఆఫీసు హడావిడిలో ఉంటుంది. పది, పదకొండు అయ్యేసరికి చేతులు మెల్లగా నా మాట వింటాయి. మధ్యాహ్నానికి మనిషినవుతాను. డాక్టరు అపాయింట్‌మెంటు సాయంత్రం ఆరింటికి. ఆ వేళకి తల దువ్వుకుని, పౌడరు రాసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్తాను. మావైపు ఆడవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళినా పేరంటానికి వెళ్ళినట్టే వెళ్తారు. ఆయన తలెత్తి చూసి, "చేతులు బాగానే ఉన్నాయిగా?" అంటాడు. ఆ క్షణాన ఆయన చూసింది నిజమే. రోజు మొత్తంలో నేను బాగుండే ఆ ఒక్క పూటని ఆయన చూశాడు.

ఇంకో మాట, "రిపోర్టులన్నీ నార్మలే, టెన్షన్ తగ్గించుకోండి". రుమటాయిడ్ ఫ్యాక్టర్ నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదని మీ పుస్తకాల్లోనే ఉంది. ఈ జబ్బున్నవాళ్ళలో నూటికి ఇరవై, ముప్పై మందికి ఆ పరీక్ష నెగటివే. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి రెండు మూడు రెట్లు ఎక్కువగా వచ్చే జబ్బు ఇది. ఆడది నొప్పి అనగానే టెన్షన్, గ్యాస్, ముట్లుడిగే వయసు అని మూడు పేర్లు సిద్ధంగా ఉంటాయి. మొదటి నెలల్లో మందు పడితే కీళ్ళు నిలుస్తాయి. ఆ నెలలన్నీ ఆవిడ తన నొప్పి నిజమని నిరూపించుకోవడంలో గడిచిపోతే వంకరపోయిన వేళ్ళు మళ్ళీ తిన్నగా రావు.

మీ కష్టం నాకు తెలియక కాదు. 2017లో 67 దేశాల లెక్కలు చూసి ఒక అధ్యయనం వచ్చింది. ప్రాథమిక వైద్యంలో డాక్టరు ఒక్కో పేషెంటుతో గడిపే సమయం స్వీడన్‌లో సగటున 22 నిమిషాల పైన, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, మన దేశంలో రెండు నిమిషాల చుట్టూ. అంతకుముందు, 1984లో, అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు టేపులు విని లెక్కగట్టారు. పేషెంటు మాట మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డం వస్తున్నాడట. సరే, అడ్డం రాకుండా వదిలేస్తే ఈ మనుషులు ఎంతసేపు మాట్లాడతారు? 2002లో స్విట్జర్లాండ్‌లో అదీ చూశారు. సగటున 92 సెకన్లు, అంతే. మన రెండు నిమిషాల్లోంచి అది తీసేస్తే మిగిలే అర నిమిషంలో పరీక్ష ఎప్పుడు చేయాలి, చీటీ ఎప్పుడు రాయాలి అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ నెలనెలా వచ్చే పేషెంటు ప్రతిసారీ కథంతా చెప్పదు. మొదటిసారి విన్నవాళ్ళకి తర్వాత అన్నిసార్లూ కలిసొస్తుంది. పైగా, "ఇంత చిన్నదానికి ఏడుస్తారేంటి" అనడానికి ఎంతసేపు పడుతుందో, "రాత్రి నిద్ర పడుతోందా" అని అడగడానికీ అంతే పడుతుంది.

ఇక్కడ ఒక్క మాట స్పష్టం చేయాలి. నవ్వు ముఖం లేని డాక్టర్లందరినీ నేను ఒకే గాటన కట్టను. నన్ను చాలాకాలం చూసినాయన ఒకరు అసలు నవ్వేవారు కాదు. కూర్చోమని కూడా అనేవారు కాదు. కానీ వెళ్ళిన ప్రతిసారీ రెండు భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ళ కణుపులు, మోకాళ్ళు, మొత్తం 28 కీళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసి, ఎక్కడ నొప్పి అన్నానో, ఎక్కడ వాపుందో కాగితం మీద బొమ్మలో గుర్తు పెట్టుకునేవారు. ఆ వేళ్ళు నా మాట నమ్ముతున్నాయని నాకు తెలిసేది. ఇంకొకరు "అమ్మా" అని తప్ప పలకరించేవారు కాదు, పిల్లల చదువులడిగేవారు, నా చెయ్యి మాత్రం ముట్టుకోలేదు. ఇద్దరిలో ఎవరి దగ్గరికి వెళ్తానని అడిగితే రెండో ఆలోచన లేకుండా మొదటాయన పేరే చెబుతాను. మీ స్వభావం మార్చుకోమని అడిగే హక్కు నాకు లేదు. మా మాట నమ్మమని అడుగుతున్నాను. 2019 బ్యాచ్ నుంచి మీ సిలబస్‌లో వైఖరి, నీతి, మాటతీరు నేర్పే భాగం ఒకటి చేర్చారని విన్నాను. మంచిదే. కాకపోతే మార్కులున్నచోట అందరూ మర్యాదగానే మాట్లాడతారు, అది నా ముప్పై ఏళ్ళ పాఠాల అనుభవం.

నేను వారానికొకసారి వేసుకునే మందు మెథోట్రెక్సేట్. దాని వెనక మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారున్నారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్ళి, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది, తర్వాత దానికి అడ్డుపడే మందులనీ తయారుచేసింది. పిల్లల రక్త క్యాన్సర్‌కి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాడి చూసి, 1948లో ఫలితాలు ప్రకటించింది ఆ కోవ మందు గురించే. ఆ సంవత్సరమే సుబ్బారావు గారు పోయారు. ఆ వంశంలోదే మెథోట్రెక్సేట్. నలభై ఏళ్ళ తర్వాత, 1988లో, అమెరికా ప్రభుత్వం దాన్ని కీళ్ళవాతానికి అనుమతించింది. వారంలో ఒకరోజు ఆ మందు, దాని దెబ్బ కాచుకోవడానికి ఇంకోరోజు ఫోలిక్ యాసిడ్. నా మందుల డబ్బాలో ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి. సుబ్బారావు గారు స్ప్రూ అనే పేగుల జబ్బుతో సోదరుల్ని పోగొట్టుకున్నారు, ఆ జబ్బు ఆయన్నీ బాధపెట్టింది. ఫోలిక్ యాసిడ్ పనిచేసే జబ్బుల్లో స్ప్రూ ఒకటి. ల్యాబులో కూర్చుని పనిచేసిన ఆ మనిషికి పేషెంటు ఇల్లు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

అంత మంచి మందు కూడా హడావిడిలో విషమవుతుంది. వారానికోసారి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ని రోజూ వేసుకుంటే నోరు పూస్తుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం పోతుంది. ఇంగ్లీషులో గొలుసుకట్టుగా రాసిన చీటీ, "వారానికోసారమ్మా" అని తలెత్తకుండా అన్న ఒక్క మాట, దగ్గర్లో మెడికల్ షాపు కుర్రాడు. ఈ మూడింటి మీద ఆ ప్రాణం ఆధారపడి ఉంటుంది. నేను చెప్పిన ఆ నవ్వని డాక్టరు గారు చీటీ మీద తెలుగులో "ఆదివారం మాత్రమే" అని రాసి, చుట్టూ గడి గీసి, నా చేత చదివించేవారు. లెక్చరర్‌ని, నా చేత! మొదట కాస్త చిన్నతనంగా అనిపించింది, కాదనను. పెళ్ళి కావలసిన, పిల్లలు కావలసిన అమ్మాయైతే ఇంకో ప్రశ్న కూడా ఉంది. కడుపు రాకముందే కొన్ని నెలలు ఆపాల్సిన మందు ఇది. అత్తగారిని ఒక్క నిమిషం బయట కూర్చోమని, ఆ పిల్లని ఒంటరిగా అడగాలి. అది సిలబస్‌లో ఉందో లేదో నాకు తెలియదు.

కటువైన డాక్టరు దగ్గర మేమెలా నెట్టుకొస్తామో కూడా మీరు వినాలి. ఎందుకంటే వైద్యుణ్ణి మార్చడం అందరికీ కుదిరే పని కాదు. కీళ్ళ నిపుణులు ఉండేది పెద్ద ఊళ్ళలో. తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన మనిషికి ఇంకో గది తలుపు తట్టే స్తోమత ఉండదు. అందుకని మాలో కాస్త తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి బెంచీ మీదే నేర్పుతారు. చీటీ మీద మూడు ముక్కలే రాసుకెళ్ళు, పోయినసారికీ ఇప్పటికీ ఏం మారింది, ఏ పని చేసుకోలేకపోతున్నావు, దేనికి భయపడుతున్నావు. పొద్దున ఆరింటికి వాచిన చేతిని మనవడితో సెల్‌లో ఫోటో తీయించు, టైము కనబడేలా. కసురుకుంటే ఏడవకు, ఎదురు చెప్పకు, "ఇది ఇంకేదైనా కావచ్చా డాక్టరు గారూ" అని మాత్రం అడుగు. తోడు ఒకరిని తీసుకెళ్ళు, ఇద్దరి ముందు ఎవరైనా కాస్త నెమ్మదిగా మాట్లాడతారు. మీలో ఎవరి దగ్గరికైనా ఇలా ఫోటో పట్టుకుని వచ్చినావిడ అతిగా చేస్తోందనుకోకండి. అంతకుముందు ఎవరో ఆవిడని నమ్మలేదని దానర్థం.

మార్చుకోగలిగినవాళ్ళు ఫైలు అడుగుతారు. అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. ఇంకొకరి అభిప్రాయం తీసుకోవడాన్ని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన పేషెంటు హక్కుల పత్రం హక్కుగానే లెక్కపెట్టింది. అయినా ఫైలడిగితే ముఖం మాడ్చుకునే కౌంటర్లు నేను చూశాను. మీ క్లినిక్‌లో ఆ కాగితాలు నవ్వుతూ ఇవ్వనక్కర్లేదు, ఇస్తే చాలు.

దీర్ఘకాలపు రోగులందరూ, షుగరైనా బీపీ అయినా మూర్ఛైనా థైరాయిడైనా, ఎప్పుడో ఒకప్పుడు తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి ఒక ప్రశ్న అడుగుతారు. "ఈ మందు జీవితాంతం వాడాలా డాక్టరు గారూ?" అని. చీటీ మడిచాక, పక్క పేషెంటు కుర్చీ లాక్కుంటున్నాక అడుగుతారు. "అవును, వాడాల్సిందే" అనడం అబద్ధమేమీ కాదు. ఆ రాత్రి ఆవిడ డబ్బా ముందు కూర్చుని, జీవితాంతమైతే నాలుగు రోజులు మానితే ఏమవుతుందిలే అనుకోవడం కూడా అబద్ధం కాదు. నన్ను చూసినాయన, ఆ ముఖం ముడుచుకునే ఆయనే, నా ప్రశ్నకి పెన్ను కింద పెట్టి ఇలా అన్నారు: "ఆరు నెలలు క్రమం తప్పకుండా వాడండి. వాపు తగ్గితే డోసు తగ్గిద్దాం. పూర్తిగా ఆపగలనో లేదో ఇప్పుడు చెప్పలేను. మధ్యలో మానాలనిపిస్తే మానేముందు నాకు చెప్పండి, తిట్టను." డోసు తగ్గింది. రెండుసార్లు మళ్ళీ పెరిగింది కూడా. పండక్కి ఊరెళ్ళి మందు మానేసిన సంగతి ఆయనకి చెప్పాను. తిట్టలేదు, రక్త పరీక్ష రాశారు.

మీ అందరికీ అభినందనలు. మీ అమ్మానాన్నలకి మరీ ముఖ్యంగా.