మధుమేహులకు కంటిపరీక్ష: ఫలితమును గూర్చిన చింత
(మహాసభయందు జదివిన యుపన్యాసము)



విద్యను గూర్చియు, నేతపరిశ్రమను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు బెద్దలు ప్రసంగించు నీ వేదికపై నొక రోగపరీక్షను గూర్చి, అందును ఆ పరీక్షాఫలితమునకై కలుగు భయమును గూర్చి మాటాడ నేల యని కొందఱకు దోపవచ్చును. సిరిసిల్లలో సాంచానొద్ద నిలిచి తెగిన పోగును బట్టి ముడివేయు సోదరునకును, జగిత్యాల, కోరుట్ల, నిర్మల ప్రాంతములలో నింటియరుగుపై గూర్చుండి యాకు కత్తిరించి బీడీ చుట్టు సోదరికిని కన్నే కూలి, కన్నే కూడు. అట్టి కన్నును గూర్చిన భయము వ్యాధికంటె ముందుగా నింటిలో బ్రవేశించి, మనవారిని వైద్యునొద్దకు బోనీయకున్నది. ఇది చూచియే యీ నాలుగు మాటలు విన్నవింప దలచితిమి.

భారత వైద్య పరిశోధనా మండలివారు 2023 లో బ్రకటించిన యంచనా ప్రకారము మన దేశమున మధుమేహులు 10 కోట్లకు మించియున్నారు. పూర్వము దీనిని గూర్చుండి తినువారి రోగమనెడివారు. ఇప్పుడది రాత్రిపాళీ సాంచాలు నడుపువారిని, బొగ్గుబావులలో దిగువారిని సైతము విడుచుట లేదు. ఈ సభలో నున్న వారిలో నెందఱి జేబులలో షుగరు మాత్రలున్నవో చెప్ప నవసరము లేదు.

కంటి వెనుకభాగమున వెలుతురును గ్రహించు పలుచని పొర యొకటి గలదు. వైద్యులు దానిని రెటీనా యందురు. రక్తమున చక్కెర చాలకాల మధికముగా నున్నచో ఆ పొరలోని సన్నని నాళములు బలహీనపడి యుబ్బును, కారును, కొన్ని మూసికొనిపోవును. రక్తము చాలని చోట్ల పిమ్మట క్రొత్త నాళములు మొలచును. అవి పెళుసైనవి, పగిలినచో కంటిలో నెత్తురు నిండును. ఇంత జరుగుచున్నను మొదటి దశలలో నొప్పి లేదు, ఎఱుపు లేదు, చూపు తగ్గదు. పడుగులో నొక పోగు సన్నగిల్లిన సంగతి బట్టపై వెంటనే కానరానట్లే యిదియును. 1851 లో జర్మనుపండితుడగు హెల్మ్‌హోల్ట్జు నేత్రదర్శిని యను సాధనమును గనిపెట్టువఱకు బ్రతికియున్న మనుజుని కంటిలో నీ పొరను వైద్యులును చక్కగా చూడజాలకుండిరి. నేడు కనుపాప వెడల్పగుటకు రెండుచుక్కల మందు వైచి, ఛాయాచిత్రము దీసి, నిమిషములలో ముగింతురు. పరీక్ష సులభమైనది. ఫలితమునకై వేచియుండుట మాత్రము సులభము కాలేదు.

శిబిరములలో చిత్రము నిచ్చట దీసి యెక్కడనో యున్న నిపుణునకు బంపుట గలదు. జవాబు వచ్చుటకు కొన్నిదినములు పట్టును. ఆ దినములలో మన యిండ్లలో జరుగునది చూడుడు. రోగి తెల్లవారుజామున లేచి, ఒక కన్ను మూసి గోడపైనున్న క్యాలెండరు చదువును. మఱల రెండవ కన్ను మూసి చదువును. దీపముచుట్టు వలయము కనబడిన నిద్ర రాదు. పొరుగూర నెవరో చూపు పోగొట్టుకొన్న కథ జ్ఞప్తికి వచ్చును. ఇంతలో చిట్టీ వచ్చును. దానిపై ఆంగ్లమున నేమో వ్రాసియుండును. అది చదివించుకొనుటకు భయపడి దేవునిగూటిలో పటము వెనుక దాచిన వారిని మే మెఱుగుదుము. తల్లి దాచిన చిట్టీ యేడాదికి గాని బిడ్డల కంటబడని యిల్లు మా బంధువర్గముననే కలదు. ఇంక కొందఱు పరీక్షకే పోరు. "కనబడుచున్నది గదా, కదిలించుకొన నేల?" యందురు. ఈ మాట ధైర్యమువలె వినబడును. కాని దాని లోపల నున్నది భయమే.

కావున చిట్టీపై నుండు మాటల యర్థమును ముందుగా దెలిసికొనుట మంచిది. తెలియని మాటయే యెక్కువ భయపెట్టును. "నో రెటినోపతి" యని యున్నచో గుర్తులు లేవని యర్థము. సంవత్సరమునకు మఱల చూపించుకొనవలెను. "మైల్డు" అన్నచో నాళములపై చిన్న యుబ్బులు మాత్రమే. అమెరికాలో నడచిన పెద్ద పరిశోధనలలో నట్టి స్థితిలోని నూర్గురిలో నొక సంవత్సరమున క్రొత్తనాళముల దశకు బోయినవారు 5 గురు మాత్రమే. దీనికి కంటిమందు గాని శస్త్రచికిత్స గాని యుండదు. చక్కెరను, రక్తపుపోటును అదుపులో నుంచుటయే చికిత్స. "మోడరేటు" అన్నచో కొన్నినెలలకే మఱల రమ్మందురు. "సివియరు" అన్నచో నాలస్యము కూడదు. చికిత్స లేనిచో సుమారు సగముమందికి సంవత్సరములోపల క్రొత్తనాళములు మొలచుట యా పరిశోధనలలోనే తేలినది. "ప్రొలిఫరేటివు" అన్నచో నవి యిదివఱకే మొలచినవని తెలియవలెను. "మాక్యులా" యను మాట కనబడిన చదువుచూపునకు మూలమగు నడిమిభాగమున వాపు కలదేమో యని రెటీనావైద్యుడు చూడవలెను.

ఇంకొకటి గలదు. "చిత్రము స్పష్టముగా లేదు, మఱల రావలెను" అని వ్రాసినచో మనవారు గుండెలు బాదుకొందురు. మోతిబిందు ముదిరినను, కనుపాప చాలినంత తెఱచుకొనకున్నను చిత్రము మసకగా వచ్చును. మఱల రమ్మనుట రోగము ముదిరినదని చెప్పుట కాదు. రెటీనా వైద్యునొద్దకు బంపుటయు కన్ను పోయినదని చెప్పుట కాదు. కన్ను నిలుచుటకే పంపుదురు.

లెక్కలు కొంత ధైర్యము నిచ్చును గనుక చెప్పుచున్నాము. మన దేశమున పదిరాష్ట్రములలో 40 ఏండ్లు దాటినవారిని బరీక్షించి 2022 లో బ్రకటించిన యొక పరిశోధనయందు, మధుమేహులు నూర్గురిలో సుమారు 12, 13 మందికి రెటీనాపై గుర్తులు కనబడినవి. చూపునకు ముప్పు దెచ్చు స్థితి 4 గురికి గలదు. చిట్టీకై వేచియున్న రాత్రి ఈ లెక్కను దలచుకొనుట మేలు. ఆ నలుగురి కొఱకే మిగిలినవారును పరీక్షకు బోవలెను. ఆ నలుగురెవరో పోనిదే తెలియదు గదా! ఇంగ్లండులో 2003 నుండి మధుమేహులందఱను బిలిచి కన్నులు చూచు నేర్పాటు మొదలైనది. ఇంగ్లండు, వేల్సు దేశములలో పనిచేయు వయసువారి యంధత్వమునకు మధుమేహము ప్రథమకారణము కాకుండుట అర్ధశతాబ్దిలో నదియే మొదటిసారి యని 2009-10 లెక్కలను జూచి 2014 లో బ్రకటించిరి. అందుకు బిలిచి చూచుట యొక కారణము కావచ్చునని యా పరిశోధకులే చెప్పిరి.

మన యిలాకాలోను సాధనములు లేకపోలేదు. ఆదిలాబాదునుండి హైదరాబాదునకు సుమారు 300 కిలోమీటర్లు. ఆ దూరమే యొకప్పుడు కన్నులకు శత్రువుగా నుండెను. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్యాలయము (అది 1987 లో వెలసినది) తన మొదటి గ్రామీణ కేంద్రమును 1996 లో ముధోలులో నెలకొల్పెను. ముధోలు నాడు ఆదిలాబాదు జిల్లాలోనిది, 2016 తరువాత నిర్మల జిల్లాలోనిది. 1996 మొదలు 2000 వఱకు నాటి ఆంధ్రప్రదేశమున పదివేలమందికి పైగా కన్నులు పరీక్షించిన నేత్రవ్యాధి పరిశోధనకు నెన్నుకొన్న నాలుగు ప్రాంతములలో ముధోలు ప్రాంత మొకటి. కరీంనగరమునొద్ద రేకుర్తిలో లయన్సువారి కంటి దవాఖానా గలదు. హైదరాబాదులో సరోజినీదేవి ప్రభుత్వ నేత్రవైద్యశాల యుండనే యున్నది.

రాష్ట్రప్రభుత్వమువారు 2018 ఆగస్టు 15 న మెదకు జిల్లా మల్కాపురమున "కంటివెలుగు" ప్రారంభించిరి. 2023 జనవరి 18 న రెండవవిడత ఖమ్మమున మొదలైనది. ఊరూర శిబిరము పెట్టి లక్షలమందికి కండ్లద్దము లిచ్చిరి. అది మేలైన పని. కాని యద్దములు వచ్చినవి గనుక కంటిపరీక్ష యైనదని మధుమేహులు తలచుట మాకు నచ్చలేదు. అక్షరముల పలక చదివించుట వేఱు, రెటీనా చూచుట వేఱు. పలకపై చివరివరుస చదివినవానికిని లోపల నాళములు కారుచుండవచ్చును.

ఇప్పుడు ఇంటివారికి రెండు మాటలు. చిట్టీ దాచుటకు గల కారణము రోగి భయము మాత్రమే కాదు, మన నోరును. "వద్దన్నను మిఠాయి తింటివి, బోనాలనాడు బూరెలు తింటివి, అనుభవింపుము" అని భార్య భర్తను, కొడుకు తల్లిని ఆడిపోసికొనుట ప్రతియింట వినుచున్నాము. దూషింపబడిన రోగి మఱుసటిసారి ఫలితము చెప్పునా? నిజమునకు, మధుమేహ మెన్నియేండ్లనుండి యున్నదను విషయముపై రెటీనా స్థితి చాలవఱకు ఆధారపడును. మిక్కిలి పథ్యముగా నున్నవారికిని గుర్తులు రావచ్చును. 1998 లో వెలువడిన బ్రిటీషు పరిశోధనయందు రక్తపుపోటును గట్టిగా నదుపుచేసినవారిలో రెటీనావ్యాధి ముదురుట మూడవవంతు తగ్గినది. పోటు చూపించుకొన్నావా యని యడుగుట, తిట్టుటకంటె పనికివచ్చును.

చికిత్సను గూర్చిన భయము వేఱొకటి. లేజరనగానే కన్ను కాల్చుదురని, సూదియనగానే కంటిలో గ్రుచ్చుదురని వణకుదురు. సూది కంటిలోనే వేయుదురన్నది నిజము, దాచనక్కఱలేదు. ముందు మొద్దుబాఱు చుక్కలు వైతురు. చాలమందికి నొత్తుడువలె మాత్రమే తెలియును. లేజరు పోయిన చూపును దెచ్చునది కాదు, ఉన్నదానిని కాపాడునది. ఈ సంగతి ముందు చెప్పనందున "లేజరు చేయించుకొన్నను చూపు పెరుగలేదు" అని నిరాశపడి రెండవమాఱు పోక చెడినవారు కలరు. క్రొత్తనాళములు మొలచిన కన్నులలో లేజరువలన తీవ్రమైన చూపునష్టము సగమునకు పైగా తగ్గినదని 1976 లోనే అమెరికా పరిశోధకులు రుజువుచేసిరి. రాత్రిచూపు, ప్రక్కచూపు కొంత తగ్గవచ్చును. అదియు ముందే యడిగి తెలిసికొనవలెను. పసరు పిండి కంట బోయువారి యొద్దకు మాత్రము దయచేసి పోవలదు.

చింత పట్టినవానితో "చింతింపకుము" అనుట వలన నేమియు కాదు. పరీక్షనాడు తోడు పోవలెను. మందుచుక్కల ప్రభావమున కొన్నిగంటలు చూపు మసకగా నుండును, ఎండ సహింపదు, బండి నడుపరాదు. తోడు వెళ్లినవాడు వైద్యుని మాట వినును. భయపడినవాని చెవికి సగమే యెక్కును. "నా కన్ను బాగున్నదా?" యని యొక్కమాట యడిగి వచ్చుటకంటె "ఏ మెట్టులో నున్నది? మఱల నెప్పుడు రావలెను? అంతలోపల నేమైన నెవరియొద్దకు బోవలెను?" అని కాగితముపై వ్రాసికొనిపోయి యడుగుట మేలు. తరువాతి తేదీ చేతనున్నచో చింతకు హద్దు దొరకును. నిత్యము గోడక్యాలెండరుతో పరీక్ష పెట్టుకొన నక్కఱలేదు. అయినను హఠాత్తుగా నల్లనిచుక్కలు రాలినట్లున్నను, తెఱ దిగినట్లున్నను, చూపు ఒక్కసారి తగ్గినను తేదీకై యాగరాదు. ఆ దినమే పోవలెను. గర్భవతులగు మధుమేహ సోదరీమణులు సంవత్సరమువఱకు నాగక ముందుగనే చూపించుకొనవలెను. వారములు గడచినను నిద్రపట్టక, అన్నము సహింపక, పనిపై మనసు పోకున్నచో దానిని గూడ వైద్యునితో జెప్పవలెను. 2022 లో బ్రారంభమైన టెలిమానస్ వారి 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగుననే మాటాడవచ్చును.

సంఘమువారి యెదుట నొక చిన్న ప్రతిపాదన నుంచుచున్నాము. ప్రతి పట్టణశాఖయు నొక పుస్తక ముంచవలెను. అందు మధుమేహి పేరు, తరువాతి కంటిపరీక్ష తేదీ మాత్రమే వ్రాయవలెను, ఫలితము వ్రాయరాదు. పిల్లల సంబంధములు చూచుచున్న యింట ఫలితము బయటపడునను భయము మన కెఱుకయే గనుక నీ నిబంధన. తేదీకి వారముముందు జ్ఞాపకము చేయుటకును, తోడు పోవుటకును శాఖ కిద్దఱు యువకులను, ఇద్దఱు యువతులను నియమింపవలెను. భివండి, షోలాపూరు, సూరతులలో మగ్గములు నడుపుకొను మనవారు బతుకమ్మ దసరాలకు ఇండ్లకు వచ్చుట పరిపాటి. వారి తేదీలు ఆ పక్షములోనే పడునట్లు వ్రాసికొనవలెను. దారిఖర్చు భరింపజాలనివారి బస్సుచార్జీలను పోషకులు వహింతురని యాశించుచున్నాము. పుస్తకమును బట్టుకొని మే మీ దినము సాయంకాలము కార్యాలయపు గదిలో గూర్చుండెదము. తేదీ వ్రాయించుకొనువారు భోజనానంతరము రావచ్చును.