పరీక్ష గదిలో ఒక తరగతి గది



అష్టావధాన సభలో అప్రస్తుత ప్రసంగానికని ప్రత్యేకంగా ఒక పృచ్ఛకుడు ఉంటాడు. అవధాని పద్యపాదాన్ని మనసులో నిలుపుకొంటున్న వేళ పొంతనలేని ప్రశ్న వేసి ఆయన ధ్యాసను చెదరగొట్టడమే అతని పని. పిల్లల ధ్యాసను కొలిచే నాడీ మనోవిజ్ఞాన పరీక్షలు మాత్రం చాలాకాలం ఇందుకు విరుద్ధంగా సాగాయి. నిశ్శబ్దమైన గది, ఒక బల్ల, ఎదురుగా ఒక్క నిపుణుడు. 1956లో ప్రకటితమైన ఒక పరీక్షలో అక్షరాలు ఒకదాని వెంట ఒకటి కనబడుతుంటే, ‘ఎ’ తరువాత ‘ఎక్స్’ వచ్చినప్పుడే మీట నొక్కాలి. అక్కడ చక్కగా నెగ్గిన బిడ్డ నలభై మంది నడుమ కూర్చున్నప్పుడు కిటికీ వైపు చూస్తూ ఉండిపోవచ్చు. అప్పుడు ఇంటా బడిలోనూ ఆ బిడ్డకు దక్కే బిరుదు ‘సోమరి’.

అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ రిజ్జో బృందం 2000 నాటికి పరీక్ష గదిలోకి తరగతి గదినే తెచ్చింది. తలకు తొడిగే పరికరంలో కళ్లముందు చిన్న తెరలుంటాయి. తల తిప్పిన వైపుకు దృశ్యమూ తిరుగుతుంది. దీనినే వర్చువల్ రియాలిటీ అంటున్నారు. ఎదుట నల్లబల్ల, ఉపాధ్యాయిని, చుట్టూ బల్లలు, ఒక పక్క పెద్ద కిటికీ. అక్షరాల పని పాతదే. ఇంతలో కాగితపు విమానం ఒకటి ఎగిరిపోతుంది, కిటికీ అవతల కారు సాగిపోతుంది, ఎవరో తలుపు తీసుకొని లోనికి వస్తారు. (కాగితపు విమానం లేని బడి ఏ దేశంలోనూ లేదు కాబోలు!) తప్పిపోయిన అక్షరాలనూ, తొందరపడి నొక్కిన మీటలనూ, శరీరపు కదలికలనూ యంత్రం నమోదు చేస్తుంది. 2007లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో, శ్రద్ధాలోపం ఉన్నట్లు వైద్యులు గుర్తించిన బాలురు ఇతరులకంటే ఎక్కువ తప్పులు చేశారు, ఎక్కువగా కదిలారు. విఘ్నాలు వారినే ఎక్కువగా లాగివేశాయి. ఆ కదలికను ధిక్కారమని దండించినందువల్ల ప్రయోజనం లేదు.

అయితే యంత్రం చూపిన అంకెయే తీర్పు కాదు. స్పెయిన్‌లో రూపొందిన ఇటువంటి పరీక్ష ‘ఔలా నెస్ప్లోరా’కు 6 నుండి 16 ఏళ్ల వయసుగల 1,272 మందిని పరీక్షించి ప్రమాణాలు నిర్ణయించారు. ఇంట తెలుగు, వీధిలో తమిళమో కన్నడమో, పుస్తకంలో ఆంగ్లమూ ఎదురయ్యే బిడ్డపై ఆ ప్రమాణాలను యథాతథంగా మోపరాదు. ఆ పరికరం ధరించిన కొందరికి తల తిరుగుతుంది, వికారమూ కలుగుతుంది. అప్పుడు తగ్గిన మార్కులు ధ్యాసకు సంబంధించినవి కావు.

కనుక నిపుణుని వద్దకు వెళ్లే తల్లిదండ్రులు ముందుగా బిడ్డ కంటిచూపు, వినికిడి పరీక్షింపజేయాలి. తరగతి ఉపాధ్యాయుని నుండి ఒక కాగితం అడిగి తీసుకొని వెళ్లాలి: ఏ పాఠంలో ధ్యాస నిలుస్తున్నది, ఏ బెంచీపై కూర్చుంటే చెదురుతున్నది, ఏ శబ్దానికి తల తిరుగుతున్నది. ఆ కాగితం వ్రాయడానికి ఉపాధ్యాయుడు ఒక వారం పాటు ఆ బిడ్డను కోపం లేకుండా గమనించవలసి ఉంటుంది.