సగటు లెక్కలో కనిపించని పిల్లవాడు

(మన పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ బడిలో చదువుకొని, ఈ చుట్టుపక్కల ఊళ్ళలోనే లెక్కల మాస్టారిగా పనిచేసి రిటైరైనవాణ్ణి నేను. సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మాస్టారూ, మీ ఇష్టం, ఏదైనా ఒక పావుగంట మాట్లాడండి" అన్నారు. లెక్కల మాస్టారికి "ఏదైనా" అంటే లెక్కలే. భయపడకండి, ఆల్జీబ్రా జోలికి పోను. మనందరం రోజూ వాడే ఒక్క మాట గురించి చెబుతాను. ఆ మాట "సగటు".

సగటు వర్షపాతం అంటాం, సగటు దిగుబడి అంటాం, సగటు మార్కులు అంటాం. క్రికెట్ చూసే పిల్లలకు బ్యాటింగ్ సగటు నోటికి వచ్చు. ఆరో తరగతి దాటిన ఎవరినైనా సగటు ఎలా కడతారని అడగండి. "అన్నీ కూడి, ఎన్ని ఉన్నాయో దానితో భాగించాలి" అని టక్కున చెబుతారు. అక్కడితో పాఠం అయిపోయిందని మనం అనుకుంటాం. నిజానికి పాఠం అక్కడే మొదలవుతుంది.

ఈ మాట నూజివీడులో చెప్పడానికి ఒక కారణం ఉంది. ప్రపంచం గర్వించే గణాంక శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, అంటే సి.ఆర్.రావు గారు, చిన్నతనంలో కొంతకాలం మన నూజివీడులో చదువుకున్నారు. 1920 సెప్టెంబరు 10న హడగళిలో పుట్టారు. తండ్రి పోలీసు ఇన్‌స్పెక్టరు. అందుకని ఆయన చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం ఇలా ఊళ్ళు తిరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, 1941లో కలకత్తాలో మహలనోబిస్ గారు స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చాయి. అదే ఏడాది ఆగస్టులో, నూట రెండేళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన కథలో ఉపాధ్యాయులకు పనికొచ్చే ముక్క ఒకటుంది. ఇరవై నాలుగేళ్ల వయసులో ఆయన కలకత్తాలో పాఠం చెబుతున్నారు. లెక్కలోకి తీసుకున్న నమూనా చాలా పెద్దదైనప్పుడు, మనం కట్టే అంచనాకు కచ్చితత్వం ఎంతవరకు రాగలదో చెప్పే ఫలితమొకటి వివరించారు. దండేకర్ అనే విద్యార్థి లేచి, "నమూనా చిన్నదైతే దీన్ని ఎందుకు నిరూపించకూడదు?" అని అడిగాడు. రావు గారు ఆ రాత్రి కూర్చుని నిరూపించి, మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో అచ్చయిన ఆ ఫలితాన్నే ఇవాళ ప్రపంచమంతా క్రామర్–రావు అసమానత అంటోంది. సందేహం అడిగిన పిల్లవాణ్ణి "సిలబస్‌లో లేదు, కూర్చో" అనకపోవడం వల్ల ఎంత మేలు జరిగిందో చూడండి.

ఇక మన క్లాసుకు వద్దాం. సగటు అంటే ఏమిటో పిల్లలకు సూత్రంతో మొదలుపెట్టకూడదు. పంచుకోవడంతో మొదలుపెట్టాలి. అయిదుగురు పిల్లల్ని ముందుకు పిలవండి. ఒకడి దగ్గర 6 కాయలు, ఒకడి దగ్గర 4, ఒకడి దగ్గర ఏమీ లేవు, మిగతా ఇద్దరి దగ్గర అయిదేసి. అన్నీ ఒక గంపలో పోసి అందరికీ సమంగా పంచమనండి. మొత్తం 20, తలా 4 వస్తాయి. ఆ 4 సగటు. హెచ్చుతగ్గుల్ని సర్దితే తలా ఎంత వస్తుందో అదే.

ఇదే లెక్క నల్లబల్ల మీద వేసి ఇస్తే చూడండి, క్లాసులో కనీసం పదిమంది 20ని 4తో భాగించి, సగటు 5 అంటారు. ఎందుకు? ఏమీ లేనివాణ్ణి లెక్కలోంచి తీసేశారు కాబట్టి. సున్నాను కూడితే మొత్తం మారదు కదా, వాడెందుకు అనుకుంటారు. కాయలతో పంచినప్పుడు మాత్రం ఒక్కరూ ఆ తప్పు చేయరు. చేతులు చాచి ఎదురుగా నిలబడ్డవాణ్ణి ఎవరూ వదిలేయలేరు. లేనివాడు కూడా లెక్కలో ఉండాలి. ఈ ఒక్కటీ గుర్తుంటే చాలు, సగటు పాఠంలో సగం వచ్చినట్టే.

మిగతా సగానికి మన తోటలే చాలు. చిన్నరసాలు అయిదు తూచామనుకోండి. 210, 230, 240, 250, 270 గ్రాములు. సగటు 240. సగటు నుంచి ఒక్కో కాయ ఎంత తేడాలో ఉందో రాయించండి. తక్కువైనవి 30, 10. ఎక్కువైనవి 10, 30. అటూ ఇటూ సమానం. తక్కెడ ముల్లు నిలిచేచోటు లాంటిది సగటు. ఇప్పుడు 270 గ్రాముల కాయ తీసి, దాని స్థానంలో 520 గ్రాముల బంగినపల్లి పెట్టండి. సగటు 290కి ఎగబాకింది. అయిదింటిలో నాలుగు కాయలు సగటుకు కిందే ఉండిపోయాయి! కాయల్ని బరువు వరుసలో పేర్చి నడిమి కాయ పట్టుకుంటే మాత్రం అది ఇప్పటికీ 240 దగ్గరే ఉంది. దాన్నే పుస్తకంలో మధ్యగతం అంటారు. ఊళ్ళో ఒక్క కోటీశ్వరుడు ఇల్లు కట్టుకుంటే ఊరి సగటు ఆదాయం ఎందుకు పెరుగుతుందో, అయినా పక్కింటివాడి పరిస్థితి ఎందుకు మారదో, ఎనిమిదో తరగతి పిల్ల ఈ కాయలు చూసి చెప్పేస్తుంది. బాహుళకం సంగతి చెప్పుల కొట్టాయన్ని అడిగితే చెబుతాడు. అందరి పాదాల సగటు సైజు ఆయనకు అక్కర్లేదు. ఎక్కువమంది అడిగే సైజు ఏదో కావాలి.

"అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు" అని మన అమ్మలు అంటారు. నమూనా సేకరణకు ఇంతకంటే మంచి పాఠం లేదు. కాకపోతే పిల్లల్ని ఇంకో ప్రశ్న అడగాలి. మామిడికాయల పెట్టెకు ఈ సామెత పనికొస్తుందా? అన్నం గిన్నెలో అంతటా ఒకే నీరు, ఒకే సెగ. పెట్టెలో పైవరుస ఒకరకం, అడుగు వరుస ఇంకోరకం ఉండొచ్చు. అందుకే తెలిసిన బేరగాడు అడుగున చెయ్యి పెట్టి తీస్తాడు. నమూనా అంటే చేతికి అందింది తీయడం కాదు, ప్రతి కాయకూ చేతికొచ్చే అవకాశం ఇవ్వడం. మహలనోబిస్ గారు బెంగాలులో జనపనార పంట అంచనాకు పెద్ద ఎత్తున సర్వేలు చేసినప్పుడు పట్టుకున్న సూత్రం కూడా ఇదే.

ఇదంతా పరీక్షలో నాలుగు మార్కుల కోసం కాదు. మనది రైతుల ఊరు. మామిడి ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు వెనకబడుతుందని ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. ఒక తోట ఒక ఏడు 8 టన్నులు, మరో ఏడు 2 టన్నులు కాసిందనుకోండి. సగటు 5 టన్నులు. కానీ 5 టన్నులు కాసిన ఏడు ఒక్కటీ లేదు! ఆ 5ని నమ్ముకొని అప్పు చేసిన రైతు, 2 టన్నుల ఏడు వాయిదా ఎలా కడతాడు?

ఫసల్ బీమా తీసుకోండి. వరిలాంటి పంటలకు, గడిచిన ఏడేళ్లలో మెరుగైన అయిదేళ్ల సగటు దిగుబడి ఆధారంగా ఒక హద్దు కడతారు. ఈ ఏటి గ్రామ సగటు దాని కంటే తగ్గితే పరిహారం. గ్రామ సగటు బాగుండి, ఒక్క రైతు పొలం మాత్రమే దెబ్బతింటే ఆ లెక్కలో ఆయన నష్టం కనిపించదు. పద్ధతి మంచిదా చెడ్డదా అన్న వాదన వేరు. ఆ కాగితం మీద సంతకం పెట్టే రైతుకు, చదువుకున్న ఆయన కూతురు "నాన్నా, ఇది మన పొలం లెక్క కాదు, ఊరి సగటు లెక్క" అని చెప్పగలగాలి. మనం నేర్పే చదువు ఇంటికి చేరిందనడానికి అంతకంటే గుర్తేముంది?

ఇక మన ఇంటి సంగతి, అంటే బడి సంగతి. ఉపాధ్యాయ మిత్రులు ఏమీ అనుకోవద్దు. రెండు క్లాసుల మార్కులు చూడండి. ఒక క్లాసులో 45, 48, 50, 52, 55. ఇంకో క్లాసులో 10, 20, 50, 80, 90. రెండింటికీ సగటు 50. మధ్యగతం కూడా 50. రిజిస్టరులో రెండు క్లాసులూ ఒకటే. కానీ మొదటి క్లాసుకు ఒకే పాఠం సరిపోతుంది. రెండో క్లాసులో 10 వచ్చిన పిల్లవాడికి పాఠం అసలు చేరడం లేదు. వ్యాప్తి చూడకుండా సగటు మాత్రమే చూసే మాస్టారికి ఆ పిల్లవాడు ఎప్పటికీ కనిపించడు.

ఇంకా వెనక మరో పిల్లవాడున్నాడు. వాడు పరీక్షకే రాలేదు. తల్లిదండ్రులతో పనులకు వెళ్ళిపోయాడు. రానివాళ్ళను వదిలేసి సగటు కడితే క్లాసు సగటు పెరుగుతుంది, అందరూ సంతోషిస్తారు. కాయల పంపకంలో చేతులు చాచి నిలబడ్డ పిల్లవాడు వీడే. అక్కడ వదల్లేకపోయాం, ఇక్కడ తేలిగ్గా వదిలేస్తాం.

అందుకే పిల్లలకు సగటు నేర్పేటప్పుడు మూడు ప్రశ్నలు కూడా నేర్పమని కోరుతున్నాను. ఈ లెక్కలో ఎవరిని కలిపారు, ఎవరిని వదిలారు? సగటుకు అటూ ఇటూ ఎంత దూరం వరకు ఉన్నారు? నడిమివాడు ఎక్కడున్నాడు? ఏ పేపరులో ఏ సగటు చూసినా ఈ మూడూ అడిగే అలవాటు వస్తే, ఆ పిల్లల్ని అంకెలతో ఎవరూ మోసం చేయలేరు.

చివరగా సంఘానికి మూడు మనవులు. మహలనోబిస్ గారి పుట్టినరోజు జూన్ 29ని 2007 నుంచి జాతీయ గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు. అప్పటికి బడులు తెరిచి కొద్దిరోజులే అవుతుంది, తోటల్లో చివరి కాయలు ఇంకా ఉంటాయి. ఏటా ఆ రోజున మన బడిలో సి.ఆర్.రావు గారి పేరు తలుచుకొని, పిల్లల చేత కాయలు తూయించి, సగటు, మధ్యగతం, వ్యాప్తి కట్టిద్దాం. ఒక మంచి ఎలక్ట్రానిక్ కాటా, ఒక వానమాపకం సంఘం కొనిస్తే చాలు.

రెండోది, తోటలున్న మిత్రులకు. మీ తోటలో ఒక్క చెట్టు పిల్లలకు అప్పగించండి. జనవరిలో పూత, మార్చిలో పిందె, జూన్‌లో మిగిలిన కాయ, వాళ్ళే లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకుంటారు. పదేళ్లు రాస్తే ఆ నోట్‌బుక్కే ఒక పాఠ్యపుస్తకం.

మూడోది అందరికీ. ఏటా మొదటి ర్యాంకు వచ్చిన పిల్లలకు మనం బహుమతులు ఇస్తున్నాం. ఇవ్వాల్సిందే. దాంతోపాటు క్లాసులో చివరి అయిదుగురి పేర్లు హెడ్మాస్టారు గారిని అడిగి తీసుకుందాం. ఊళ్ళో ఉన్న మనలో ఒక్కొక్కరం వారానికి ఒక సాయంత్రం ఒక పిల్లవాడి పక్కన కూర్చుందాం. క్లాసు సగటు పెద్దగా పెరగకపోవచ్చు. ఆ పిల్లవాడికి 10 వచ్చేచోట 35 వస్తే, అది వాడికీ వాడి ఇంటికీ తెలుస్తుంది.

 పావుగంట అనుకున్నది కాస్త పెరిగింది. ఇంతకుముందు మాట్లాడినవారు అయిదేసి నిమిషాల్లో ముగించారు కనుక సగటున సరిపోతుందని ఆశిస్తూ, సెలవు తీసుకుంటున్నాను.