వెలుగు దాచుకునే బేసు

డీఎన్ఏలోని నాలుగు బేసులూ దాదాపు వెలగవు. అందుకే శాస్త్రవేత్తలు వాటి మధ్యకు ఒక మారువేషగాణ్ణి పంపుతారు. పేరు 2-అమైనోప్యూరిన్. అడినిన్‌లో ఆరో స్థానంలో ఉండే అమైనో సమూహం ఇందులో రెండో స్థానంలో ఉంటుంది, అంతే తేడా. థైమిన్‌తో చక్కగా జతకడుతుంది.

నీళ్లలో విడిగా ఉంటే, పీల్చుకున్న ప్రతి వంద ఫోటాన్లకూ సుమారు 68 తిరిగి ఇచ్చేస్తుంది. అదే డీఎన్ఏ పోగులో చేరి పక్క బేసుల మీద దొంతరగా ఒదిగిందా, వెలుగు ఎన్నో రెట్లు పడిపోతుంది.

ఆ మసకబారడమే అసలు లాభం! కొన్ని మిథైల్ ట్రాన్స్‌ఫరేజ్ ఎంజైములు పనిచేసేటప్పుడు ఒక బేసును జంట పోగులోంచి బయటికి తిప్పేస్తాయి. ఆ చోట 2-అమైనోప్యూరిన్ ఉంటే ఒక్కసారిగా కాంతి పెరుగుతుంది. మన కంటికి ఆనదనుకోండి; 370 నానోమీటర్ల దగ్గరి అతినీలలోహితమది, పరికరమే పట్టుకోవాలి.

టీసీ అనే మరో బేసుది వేరే తీరు. ఒంటి పోగులోనైనా జంట పోగులోనైనా దాదాపు ఒకేలా వెలుగుతుంది.