అడుగులు లెక్కపెట్టే చిప్పు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఫైళ్లతో, టప్పాలతో గడిపిన గుమాస్తాను నేను. సైన్సు గురించి నాకేం తెలుసునని మీరనుకోవచ్చు. అయితే మనవాళ్లు చాలామంది ఉదయం నడక కాగానే సెల్‌ఫోన్ చూసుకుని "ఇంకా రెండువేలు తక్కువ" అని దిగులుపడుతున్నారు. ఆ లెక్క రాసే గుమాస్తా ఎవరా అని ఆరా తీశాను.

మినపగింజంత చిప్పు. పేరు యాక్సిలరోమీటర్. దానిలో సన్నని సిలికాన్ స్ప్రింగులకు కట్టిన చిన్న బరువు, దానికి దువ్వెన పళ్లవంటి పలకలు ఉంటాయి. బస్సు బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లు తూలినట్లు, ఫోను కదిలితే ఆ బరువు తూలుతుంది. పళ్ల మధ్య సందు మారుతుంది, దానితో కెపాసిటెన్స్ మారుతుంది. ఆ మార్పే అంకె అవుతుంది. అంటే అది లెక్కించేది కాళ్లను కాదు, కుదుపులను. వాకర్ పట్టుకుని మెల్లగా నడిచేవారికి తక్కువ చూపించేది అందుకే.

ఇక పదివేల అడుగులు. 1965లో జపానులో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరే "పదివేల అడుగుల మీటరు". వైద్యులు పెట్టిన జి.ఓ. కాదది! సగటున 72 ఏళ్ల వయసున్న సుమారు 16,700 మంది అమెరికా స్త్రీలను పరిశీలించి 2019లో ఒక నివేదిక ప్రచురించారు. రోజుకు 2,700 అడుగులు వేసేవారికన్నా 4,400 వేసేవారిలో మరణాలు తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు. మోకాళ్లు మొరాయిస్తున్నా పదివేలు పూర్తిచేసే మిత్రులు ఇది గమనించాలి.

అంతకన్నా ముఖ్యం, పడిపోవడం. 2018 నుంచి ఆపిల్ చేతి గడియారం పడిపోవడాన్ని కూడా గుర్తిస్తోంది. పడేటప్పుడు ఆ చిన్న బరువు క్షణకాలం తేలిపోతుంది, వెంటనే గట్టి దెబ్బ, ఆపైన నిశ్చలం. మనిషి సుమారు నిమిషంపాటు కదలకపోతే అదే సహాయానికి ఫోను చేస్తుంది. ధర మాత్రం మన డి.ఆర్.కు అందేది కాదు. పిల్లలు కొనిపెడితే వద్దనకండి. అమెరికాలోని అబ్బాయి నంబరు ఒక్కటే ఇవ్వకండి, పక్కింటివారిది కూడా ఇవ్వండి. గోడ పట్టుకుని మెల్లగా జారి కూలబడితే అది కనిపెట్టలేకపోవచ్చు. నీటికి తట్టుకునే రకమేనా అని కొనేటప్పుడే అడగండి. చాలామంది దాన్ని గూట్లో పెట్టి స్నానానికి వెళుతున్నారు, జారేది అక్కడే. గడియారం ఉన్నా లేకపోయినా స్నానాల గదిలో గోడకు ఒక కడ్డీ బిగించుకోండి, లోపల గడియ వేసుకోకండి.